తడి ఆరకముందే: జారిపడి గాయపడినవారికీ, స్థలం యజమానులకూ గోదావరి డెల్టా నుంచి ఒక మార్గదర్శి

మాఘమాసంలో కోనసీమలో జరిగిన ఒక పెళ్లిలో, మూడో బంతి లేచే వేళకు మా మేనత్త చేతులు కడుక్కోవడానికి కుళాయిల దగ్గరికి వెళ్లి జారిపడింది. నున్నటి గ్రానైటు నేల మీద సబ్బునీళ్లు పలచగా పరుచుకుని ఉన్నాయి, వాటిలో నెయ్యి జిడ్డు కలిసింది. పడబోతూ కుడి అరచేతిని నేలకు ఆనించడంతో మణికట్టు దగ్గర ఎముక విరిగింది. మేమంతా ఆమెను లేవదీసి, కుర్చీ వెతికి, ఆటో కోసం పరుగెత్తుతున్న ఆ పది నిమిషాల్లోనే ఎవరో వచ్చి నేలంతా పొడిగా తుడిచేశారు. మూడు వారాల తరువాత వైద్యఖర్చుల సంగతి అడగడానికి వెళితే మండపం యజమాని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, "మా దగ్గర నీళ్లు నిలవవండి, అమ్మగారు కుచ్చెళ్లు తొక్కుకుని పడ్డారేమోనండి" అన్నారు. ఆయన అబద్ధమాడారని నేను అనను, ఎందుకంటే ఆ తడినేలను ఆయన చూడలేదు. చూసిన మా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు.

జారిపడిన వ్యవహారాల్లో అసలు సాక్ష్యం తడి. ఆ తడి గంటలో ఆరిపోతుంది, ఎముక అతకడానికి నెలలు పడుతుంది, వినియోగదారుల కమిషన్‌లో విచారణ ఏడాది దాటవచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి గంటకు నేను ఎక్కువ చోటు ఇచ్చాను.

మన నేల సంగతి

జూన్‌లో నైరుతి మొదలైన నాటినుంచి నవంబరు తుఫాన్లు వెళ్లేదాకా డెల్టాలో ఏ నేలా పూర్తిగా ఆరదు. కాలువ రేవు మెట్లకు, స్నానఘట్టాలకు పాకుడు పడుతుంది. మండువా లోగిళ్లలో వాన నేరుగా ఇంటి నడుమ పడి చుట్టూ గచ్చును తడుపుతుంది. పంటు దిగే ర్యాంపుల మీద ఒండ్రు పేరుకుంటుంది. ఇవన్నీ మన పూర్వులకూ ఉన్నవే గాని, వాళ్ల అరుగులు గరుకు రాతివి, లేదా గరుకు గచ్చువి. ఇరవై ముప్పై ఏళ్లుగా మనం దుకాణానికీ, మండపానికీ, ఆసుపత్రికీ, ఇంటి ముందు మెట్లకూ అద్దంలా మెరిసే టైల్స్ పరుస్తున్నాం. నీళ్ల ఊరికి ఆ మెరుపు సరిపడదు.

ఈ తేడా చట్టానికీ ముఖ్యమే. వాన కురవడం ఎవరి తప్పూ కాదు. వాన కురుస్తుందని తెలిసీ గుమ్మంలో నున్నటి రాయి పరిచి, కాళ్లు తుడుచుకునే పట్టా వేయకుండా, దీపం పెట్టకుండా జనాన్ని లోపలికి రమ్మనడం మాత్రం నిర్లక్ష్యం కావచ్చు.

మొదటి మెట్టు: పడిన మనిషిని వెంటనే లేపవద్దు

ఎవరైనా పడగానే ఇద్దరు చంకల్లో చేతులు వేసి నిలబెట్టడం మన అలవాటు. ప్రేమతోనే చేస్తాం గాని, తుంటి ఎముకో వెన్నెముకో విరిగి ఉంటే అదే పెద్ద హాని చేస్తుంది. మనిషిని పడినచోటే ఉంచి, ఎక్కడ నొప్పిగా ఉందో అడిగి, కాలివేళ్లూ చేతివేళ్లూ కదపమనాలి. వృద్ధుల్లో ఒక కాలు పొట్టిగా కనిపించి, ఆ పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందని అనుమానించి, నడిపించకుండా 108కి ఫోన్ చేయాలి. తుంటి విరిగిన వృద్ధులకు శస్త్రచికిత్స ఒకటి రెండు రోజుల్లో జరిగితే మేలు. రోజులు గడిచేకొద్దీ మంచాన పడి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం, పడక పుళ్లు రావడం వంటి చిక్కులు మొదలవుతాయి. కాబట్టి ముందు నూనె రాసి చూద్దాం, కట్టు కట్టించి చూద్దాం అని ఆగకుండా ఎక్స్‌రే తీయించాలి.

తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి. వాంతులు, మగత, మాట తడబడటం, పెరుగుతున్న తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారిని మాత్రం లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే చూపించాలి.

రెండో మెట్టు: తడి ఆరకముందే పట్టుకోవలసినవి

గాయపడిన మనిషిని నలుగురు చూసుకుంటూ ఉంటే, ఐదో మనిషి చేయవలసిన పని ఇది. ఎవరో ఒకరు ఆ బాధ్యత తీసుకోకపోతే మాకు జరిగినట్టే జరుగుతుంది.

ఫోన్ తీసి ముందు దూరం నుంచి ఒక ఫొటో తీయాలి. పడిన చోటు, దాని చుట్టూ ఉన్న తలుపు, కుళాయి, మెట్టు, దీపం అన్నీ అందులో కనిపించాలి. తరువాత దగ్గరి నుంచి నేలను తీయాలి. నీరు పైనుంచి చూస్తే ఫొటోలో కనిపించదు, కాబట్టి వంగి, వెలుతురు నేలమీద మెరిసే కోణంలో పట్టుకోవాలి. పక్కన ఒక చెప్పో, అగ్గిపెట్టో ఉంచితే గుంత లోతూ మెట్టు ఎత్తూ తెలుస్తాయి. ఆ నీరు ఎక్కడినుంచి వస్తోందో వెతికి అది కూడా తీయాలి: కారుతున్న కుళాయి, మూసుకుపోయిన తూము, ఏసీ గొట్టం, చూరు కింద పడే ధార. హెచ్చరిక బోర్డు లేకపోతే, అది లేదని తెలిసేలా ఆ ప్రదేశమంతా ఒక నిమిషం వీడియో తీయాలి. పడినవారి చెప్పులను, తడిసిన బట్టలను ఉతకకుండా, తుడవకుండా ఒక సంచిలో దాచాలి. అరిగిపోయిన చెప్పు వల్లే పడ్డారన్న వాదన రేపు తప్పక వస్తుంది.

చూసినవారిలో ఇద్దరి పేరు, ఫోన్ నంబరు రాసుకోవాలి. బంధువులకంటే బయటివారు మేలు. వంటవారో, వడ్డించేవారో "పొద్దుటినుంచీ ఇక్కడ నీళ్లు పోతూనే ఉన్నాయండి" అని అంటే ఆ మాట ఎంతో విలువైనది, ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను. సీసీ కెమెరా ఉంటే ఆ రోజే నిర్వాహకుడికి ఒక కాగితం రాసివ్వాలి: ఫలానా తేదీన, ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకు ఉన్న రికార్డింగును చెరపకుండా భద్రపరచండి అని. ఆ పెట్టెల్లో నిల్వ చోటు నిండగానే పాత దృశ్యాలు వాటంతట అవే చెరిగిపోతాయి. మీ ఫోనులోని ఫొటోలను వాట్సాప్‌లో పంపుకుని అసలువి తీసేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టులో ప్రవేశపెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి, దానికి అసలు ఫైలు, అది ఉన్న ఫోను చేతిలో ఉండటం మంచిది.

పెళ్లింట్లో ఈ పనులేమిటని కొందరు నొచ్చుకుంటారు. నా మట్టుకు ఫొటో తీయడం గొడవ కాదు. నిజంగా గొడవ పడవలసి వచ్చేది ఫొటో లేనప్పుడే.

మూడో మెట్టు: ఆసుపత్రి చీటీలో ఏం రాశారో చదవండి

డాక్టరుగారు అడిగినప్పుడు చాలామంది "కాలు జారి పడ్డానండి" అని ఊరుకుంటారు, చీటీలో కూడా అంతే రాస్తారు. అది ఇంట్లో పడినా, మండపంలో పడినా ఒకే మాట. "ఫలానా తేదీన, ఫలానా చోట, తడినేల మీద జారిపడ్డాను" అని చెప్పి, అలాగే నమోదు చేయమని కోరాలి. గాయం పెద్దదైతే మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు సమాచారం వెళ్లే గాయంగా, నమోదు చేయమని అడగవచ్చు. తరువాత ఎన్ని సాక్ష్యాలు తెచ్చినా, తొలిరోజు డాక్టరు చేత్తో పడిన ఈ ఒక్క వాక్యానికి ఉన్న బలం వాటికి రాదు. ఎక్స్‌రేలు, బిల్లులు, మందుల రసీదులు, ఆటో కిరాయిలు, ఫిజియోథెరపీ తేదీలు ఒకే దస్త్రంలో పెట్టుకోవాలి. చికిత్స ప్రభుత్వ పథకం కింద ఉచితంగా జరిగినా కాగితాలు పారేయకూడదు, గాయం ఎంతటిదో చెప్పేవి అవే.

నాలుగో మెట్టు: బాధ్యత ఎవరిదో తేల్చుకోండి

మనదేశంలో ఈ విషయానికే ప్రత్యేకించిన చట్టం లేదు. న్యాయవాదులు టార్ట్ అని పిలిచే సివిల్ తప్పుల సూత్రాలనే కోర్టులు వర్తింపజేస్తాయి. వాటిలో ముఖ్యమైన ప్రశ్న స్థలం ఎవరి పేర ఉందన్నది కాదు, ఆ సమయంలో అది ఎవరి అదుపులో ఉందన్నది. మండపం ఒకరిది, లీజు ఇంకొకరిది, శుభ్రం చేసే పని మూడో మనిషిది కావచ్చు. అద్దె ఇంటిలోపల అద్దెదారు బాధ్యత, అందరూ వాడే మెట్లూ నడవా ఇంటి యజమాని బాధ్యత అవుతాయి. అపార్టుమెంటులో ఉమ్మడి మెట్లు, లిఫ్టు ముందు చోటు సంఘం చూసుకోవాలి. సందేహం ఉంటే అందరికీ నోటీసు ఇవ్వడమే క్షేమం.

కట్టడం యజమాని బాధ్యత గురించి సుప్రీంకోర్టు 1966లో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ దారి చూపుతుంది. ఢిల్లీలోని చాందినీ చౌక్‌లో మున్సిపాలిటీకి చెందిన గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయారు. దాదాపు 80 ఏళ్ల ఆ కట్టడాన్ని యజమాని సరిగా పరీక్షించి కాపాడుకోలేదని, లోపం కంటికి కనిపించనిదైనా దారిన పోయేవారి పట్ల బాధ్యత తప్పదని కోర్టు చెప్పింది. అదే సుప్రీంకోర్టు 1997లో, రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు విరిగిపడి ఒక వ్యక్తి మరణించిన కేసులో నగరపాలక సంస్థ బాధ్యత వహించనక్కరలేదని తీర్పునిచ్చింది. యజమాని అదుపులో ఉండి, చూసుకోదగిన ముప్పుకు బాధ్యత గట్టిది, ముందుగా తెలుసుకోవడానికి వీలులేని ముప్పుకు అది పలచబడుతుంది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు అర్థమైనది ఇదే.

రేవులూ స్నానఘట్టాలూ చిక్కుముడి. ఒకే రేవు మీద నీటిపారుదల శాఖ, పురపాలక సంఘం లేదా పంచాయతీ, దేవాదాయ శాఖ ముగ్గురికీ ఏదో ఒక పాత్ర ఉండవచ్చు. ఆ మెట్ల నిర్వహణ ఎవరిది, చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు, అందుకు ఎంత ఖర్చు పెట్టారు అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో దీనికి రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, లక్షల పాదాలు ఆ మెట్లమీద పడతాయి. ఎవరూ పడకముందే ఈ ప్రశ్న అడిగే హక్కు కూడా ప్రతి పౌరుడికీ ఉంది.

ఐదో మెట్టు: నిర్లక్ష్యాన్ని రుజువు చేయడం

పడటం ఒక్కటే యజమానిని తప్పుపట్టడానికి చాలదు. ఆ చోట ముప్పు ఉందని, అది యజమానికి తెలుసునని లేదా తెలిసి ఉండవలసిందని, తగిన సమయం ఉండి కూడా సరిచేయలేదని, హెచ్చరించలేదని, అందువల్లనే గాయం అయిందని చూపించాలి. వడ్డించే మనిషి చెప్పిన "పొద్దుటినుంచీ" అన్న మాట విలువ ఇక్కడ తెలుస్తుంది. అప్పుడే ఎవరో ఒలకబోసిన మజ్జిగమీద కాలు వేసి పడితే యజమానికి తుడిపించే వ్యవధి లేదు. ఐదు గంటలుగా కారుతున్న కుళాయి కింద పడితే ఆయనకు తెలియదని ఎవరూ నమ్మరు.

అవతలివారు చెప్పేవి కూడా ముందే ఊహించుకోవాలి. ఫోన్ చూస్తూ నడిచారని, బోర్డు పెట్టినా పట్టించుకోలేదని, కట్టిన తాడు దాటి వెళ్లారని అంటారు. అందులో నిజం ఉంటే పరిహారం ఆ మేరకు తగ్గవచ్చు, కనుక మీ పొరపాటు ఏదైనా ఉంటే మీ న్యాయవాదికి ముందే చెప్పండి. "ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని గోడమీద రాసి ఉందని నిరాశపడనక్కరలేదు, ఆ రాత ఒక్కటే యజమానిని జాగ్రత్త తీసుకునే బాధ్యతనుంచి తప్పించదు.

ఆరో మెట్టు: మాటగా కాదు, లేఖగా అడగండి

తేదీ, సమయం, చోటు, ముప్పు ఏమిటి, గాయం ఏమిటి, ఇప్పటిదాకా అయిన ఖర్చు ఎంత, ఏం కోరుతున్నారు, ఎన్ని రోజుల్లో జవాబు కావాలి: ఇవన్నీ ఒక పేజీలో, కోపపు మాట ఒక్కటీ లేకుండా రాసి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపాలి. చాలా వ్యవహారాలు ఇక్కడే పరిష్కారమవుతాయి, ముఖ్యంగా యజమానికి బీమా ఉన్నప్పుడు. ఇచ్చిన డబ్బు తీసుకుని "ఇక ఏ హక్కూ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టే ముందు మాత్రం చికిత్స నిజంగా ముగిసిందో లేదో డాక్టరుగారిని అడగండి.

ప్రభుత్వం మీదనో, ప్రభుత్వాధికారి మీదనో సివిల్ దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి.

ఏడో మెట్టు: ఏ గుమ్మం ఎక్కాలి

డబ్బు చెల్లించి సేవ పొందిన చోట, అంటే మండపం, హోటలు, దుకాణం, ప్రైవేటు ఆసుపత్రి, సినిమాహాలు వంటివాటిలో పడితే, జిల్లా వినియోగదారుల కమిషన్ మీకు దగ్గరి దారి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. సంఘటన జరిగిన 2 సంవత్సరాలలోపు వేయాలి. అద్దె కట్టింది పెళ్లివారు గదా, అతిథికి ఏం హక్కు అని అడుగుతారు. డబ్బు కట్టినవారి అనుమతితో ఆ సేవను అనుభవించేవారు కూడా వినియోగదారులేనని చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. ఫిర్యాదు రుసుము మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాక, ఆ సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. అది 5 లక్షల రూపాయల లోపైతే రుసుమే లేదు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ వింటుంది. అవతలివారు 30 రోజుల్లో, పొడిగించినా మరో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. సలహా కోసం 1915కు ఫోన్ చేయవచ్చు.

డబ్బు ప్రసక్తి లేని చోట్ల, అంటే రేవులో, ఉచిత ప్రభుత్వాసుపత్రిలో, పక్కింటి మెట్లమీద పడితే సివిల్ కోర్టే దారి. అక్కడ అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. గడువు సాధారణంగా 3 ఏళ్లు. అయితే చట్టం అప్పగించిన విధి నిర్వహణలో తప్పు జరిగిందనే దావాలకు కాలపరిమితి చట్టం 1 సంవత్సరమే ఇస్తుంది, కాబట్టి ప్రభుత్వ స్థలమైతే తాత్సారం చేయకండి. ఉద్యోగంలో పనిచేస్తూ పడినవారికి, అంటే రొయ్యల ప్లాంటు తడినేల మీద జారిన కార్మికురాలి వంటివారికి, కార్మిక పరిహారం దారి వేరే ఉంది. అక్కడ యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయవలసిన భారం ఉండదు.

పోలీసు ఫిర్యాదు గురించి నా అభిప్రాయం వేరు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రగాయమే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద, ఇతరుల భద్రతను లెక్కచేయని పనివల్ల తీవ్రగాయమైతే 3 ఏళ్ల వరకు శిక్ష ఉంది, నిర్లక్ష్యంవల్ల మరణం సంభవిస్తే 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు ఉంది. కానీ మామూలు తడినేల వ్యవహారంలో క్రిమినల్ కేసు పరిహారాన్ని తెచ్చిపెట్టదు. కూలబోయే మెట్లను తెలిసీ వదిలేసినటువంటి ఘోరాలకే ఆ దారి తగినది.

ఖర్చుకు భయపడేవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను, అమలాపురం, నరసాపురం వంటి చోట్ల కోర్టు ఆవరణలో ఉండే మండల కమిటీని కలవాలి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. ఫోను నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు, అక్కడి అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు.

ఎనిమిదో మెట్టు: ఎంత అడగాలి

బిల్లుల మొత్తం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు గాయాల పరిహారాన్ని లెక్కించే పద్ధతిని వివరించింది. అది మోటారు ప్రమాదం కేసే అయినా ఆ లెక్క ఇక్కడా ఆసరా అవుతుంది. చికిత్స, ప్రయాణం, పోషకాహారం ఖర్చులు, పోయిన సంపాదన, ఇకపై తగ్గే సంపాదన, ముందున్న వైద్యం, అనుభవించిన నొప్పి, కోల్పోయిన జీవన సౌఖ్యం విడివిడిగా చూపాలి. వైకల్య ధ్రువపత్రంలోని శాతమే సంపాదన నష్ట శాతం కాదని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది. మణికట్టు పట్టు తగ్గితే బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా ఉద్యోగం నిలబడుతుంది, కొబ్బరి దింపు కార్మికుడి బతుకుతెరువు మొత్తం పోతుంది. గృహిణి అని రాసి సంపాదన గడిలో సున్నా పెట్టకండి. ఇంటిపనికి విలువ కట్టవలసిందేనని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

యజమానులకు

టైల్స్ కొనేటప్పుడు రంగుతోబాటు పట్టు కూడా అడగండి. కొన్ని కంపెనీలు ఆర్ 9 నుంచి ఆర్ 13 వరకు సంఖ్య ఇస్తాయి. సంఖ్య పెరిగేకొద్దీ జారడం తగ్గుతుంది, తడిసే బయటి చోట్లకు ఆర్ 11 గాని ఆపై గాని మంచిది. ఇప్పటికే నున్నటి రాయి ఉంటే మెట్ల అంచులకు గరుకు పట్టీలు అంటించవచ్చు, గ్రానైటును మంట పెట్టించి గరుకు చేయించవచ్చు. కుళాయిల కింద నీరు తూముకు పోయేలా వాలు ఉందో లేదో ఒక బిందెడు నీళ్లు కుమ్మరించి చూడండి, అవి ఎక్కడ నిలిస్తే అక్కడే ఒకరోజు ఎవరో పడతారు. కొబ్బరి పీచు పట్టాలు కోనసీమలో చవకే. అయితే వాటిని రోజూ ఎత్తి ఆరబెట్టాలి, లేకపోతే వాటి కిందే పాకుడు పడుతుంది. మెట్లకు పట్టిన పాకుడును బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపు ఆగి, గట్టి బ్రష్‌తో తోమి కడిగించండి, వర్షాకాలంలో వారానికోసారైనా ఆ పని జరగాలి. రెండువైపులా పట్టుకునే కమ్మీ, చీకటి పడేసరికి వెలిగే దీపం, పెద్ద తెలుగు అక్షరాల బోర్డు పెట్టండి. పెళ్లిరోజున బంతి బంతికీ మధ్య కుళాయిల దగ్గర తుడవడానికి ఒక మనిషిని కేటాయించి, ఏ సమయానికి తుడిచారో పుస్తకంలో రాయించండి. రేపు మీమీద కేసు వస్తే ఆ పుస్తకమే మీకు అండ.

ఎవరైనా పడితే మొదట వాహనం ఏర్పాటు చేయండి. సాయం చేసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. నేలను తుడిపించే ముందు మీరూ ఒక ఫొటో తీయించండి, కెమెరా రికార్డింగును వేరే డిస్కులోకి ఎక్కించి ఉంచండి, అక్కడున్న పనివారితో జరిగింది జరిగినట్టు రాయించి సంతకం తీసుకోండి. పబ్లిక్ లయబిలిటీ పాలసీ (బయటివారికి జరిగిన నష్టాన్ని భరించే బీమా) ఉంటే బీమా కంపెనీకి ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. సమాచారం ఆలస్యమైతే క్లెయిము దగ్గర పేచీ వచ్చే అవకాశం ఎక్కువ, అప్పుడు ఆ పరిహారం మీ జేబులోంచే కట్టవలసి వస్తుంది.